రెండవ నెల పండుగ

పండుగనాడు ఇంటికి రాని కుమారుడు తల్లి యెదుట దోషి యగునా? ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలియుననియే చాలకాలము తలంచితిని. 2024వ సంవత్సరపు క్రిస్మసు దినమున ఆ జవాబును మా గుడిలో గట్టిగా చెప్పితిని కూడ. ఆ సంగతియే ముందుగా వ్రాయుదును.

గ్రామ సంఘములలో క్రిస్మసు ఉదయము ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. తెల్లవారకమునుపే గంట. వెదురుగడకు కట్టిన రంగుకాగితపు నక్షత్రము. రాత్రియంతయు ఇంటింటికి పోయి పాటలు పాడి గొంతులు బొంగురుపోయిన యౌవనులు. చాపలమీద క్రొత్తబట్టల గలగల. ఆ నిండుతనములో ఖాళీచోట్లు కాపరి కంటికే ముందుగా తగులును. ఆ సంవత్సరము అవి హెచ్చుగా తగిలినవి. పైగా అది మామూలు క్రిస్మసు కాదు. మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను గనుక, ఆ దినముతో దానికి సరిగా నూరేండ్లు నిండినవి. ఆరాధన ముగిసిన పిమ్మట కుటుంబములన్నియు కలిసి అక్కడికి పోవలెనని నా ఆశ. తీరా చూడగా పట్టణమునకు పోయిన మా పిల్లలు సగముమంది రానేలేదు.

నా మనస్సు నొచ్చెను. సిద్ధపరచుకొనిన ప్రసంగమును ప్రక్కన పెట్టి, తలిదండ్రులను మరచిన బిడ్డలనుగూర్చి మాటలాడితిని. తప్పిపోయిన కుమారుడు పోయిన దూరదేశము మన కాలములో హైదరాబాదే యని చెప్పితిని. కొందరు తలలూపిరి. ప్రసంగము బాగుగా నున్నదని ఒక పెద్ద వచ్చి నా చేయి పట్టుకొనెను. పెద్దలు అట్లు మెచ్చుకొనిన దినమున కాపరి కొంచెము భయపడుట మంచిదని ఇప్పుడు తోచుచున్నది.

స్త్రీల వైపున, గోడ ప్రక్కన, ఒక విధవరాలు కూర్చుండి యుండెను. ఆమెకు ఒక్కడే కుమారుడు. హైదరాబాదులో సినిమావారియొద్ద దీపములు మోయు పని చేయుచున్నాడు. వాడును రాలేదు. మరునాడు నేను వారి యింటికి వెళ్లగా, గంపక్రింద ఒక కోడి బ్రదికియే యుండెను.

"పైసలైతే పంపిండు, అయ్యగారూ. కోడిని తెచ్చిన. కోయబుద్ధి కాలే" అనెను.

ప్రసంగమునుగూర్చి ఆమె ఒక్క మాటయు అనలేదు. నాకు కుర్చీ వేసి టీ యిచ్చెను. నేను ప్రార్థన చేసి వచ్చితిని. ఏమి ప్రార్థించితినో నాకు జ్ఞాపకము లేదు. ఆ గంప మాత్రము జ్ఞాపకమున్నది.

జనవరి నెలలో నేను కంటి పరీక్షకై హైదరాబాదు వెళ్లవలసి వచ్చెను. పని ముగిసిన పిమ్మట ఆ పిల్లవానిని చూడబోతిని. జూబ్లీ హిల్సు, ఫిల్మ్ నగరు అను పేర్లు మీలో అనేకులు వినియుందురు. ఒకప్పుడు అది బండలును పొదలును గల గుట్ట. తెలుగు చలనచిత్రములు ఇంకను ఎక్కువగా మద్రాసులోనే తయారగుచున్న కాలమున అక్కినేని నాగేశ్వరరావుగారు అక్కడ అన్నపూర్ణ స్టూడియో కట్టిరి. 1976 జనవరి 14న, అనగా సంక్రాంతి నాడే, అది ప్రారంభమయ్యెను. తరువాత రామానాయుడుగారి స్టూడియో మొదలైనవి వచ్చినవి. ఇప్పుడు గుట్టమీద పెద్దల మేడలు. ఆ పనిలో కూలిచేయువారు గుట్ట దిగువన, కృష్ణానగరు సందులలో, ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున కాపురముందురు. తెల్లవారుజామున అక్కడి రోడ్డుప్రక్కన నిలుచుండి చూడుడి. ద్రాక్షతోట యజమానుడు పనివారికొరకు వెళ్లిన సంతవీధి కండ్లకు కట్టినట్లుండును. వ్యాను వచ్చును, కొందరిని ఎక్కించుకొనును, కొందరు మిగిలిపోవుదురు.

ఆ దినములలో పట్టణమందంతట గోడలమీద ఒకే బొమ్మ. ఆ 14వ తేదీన విడుదలయిన చిత్రమట. దాని పేరు "సంక్రాంతికి వస్తున్నాం". నేను ఆ చిత్రము చూచినవాడను కాను, దానిని నిందించుటయు నా యుద్దేశము కాదు. ఆ పేరుమాత్రము నన్ను వెంబడించెను. సంక్రాంతికి కుటుంబమంతయు కలిసి చిత్రము చూచుట మన తెలుగు దేశములో పండుగలో భాగమైపోయినది. అందుచేతనే నిర్మాతలు ఆ వారముకొరకు పోటీ పడుదురు. చిత్రము ఆ వారమునకు సిద్ధము కావలెనన్న, దానిని తయారుచేయువారికి అంతకు ముందున్న వారములు పండుగలు కావు. డిసెంబరు 25 ఆ వారములలోనిదే.

పిల్లవాడు నన్ను చూచి సిగ్గుపడెను, సంతోషించెను. "అమ్మ చెప్పింది. తప్పిపోయిన కొడుకు గురించి చెప్పిండ్రట" అనెను. నేను మాటలాడలేదు. కొంతసేపటికి వాడే, "నేను దూరదేశం పోలేదు, అయ్యగారూ. నెలనెల పంపుతనే ఉన్న. ఒక్కసారి రాను అంటే నా జాగల ఇంకోడు వస్తడు. మళ్లోసారి నాకు ఫోను రాదు" అనెను.

మరునాడు వాడు పనిచేయు స్థలమునకు నన్ను తీసికొనిపోయెను. అక్కడ పలకలతోను రంగులతోను ఒక పల్లెటూరి యిల్లు కట్టియున్నారు. ముందర ముగ్గు, గుమ్మమునకు మామిడాకులు, వసారాలో వరుసగా విస్తళ్లు. ఒక కుటుంబము పండుగ భోజనము చేయుచున్నట్లు చిత్రము తీయుచుండిరి. తాతగా నటించువాడు మనుమరాలిగా నటించు పిల్లను చూచి నవ్వవలెను. ఏడుమారులు నవ్వెను. విస్తళ్లలోని పిండివంటలు దీపముల వేడికి ఎండిపోవుచున్నవి. వాటిని ఎవరును తినరు. పైన కట్టిన కొయ్యపలకలమీద మా పిల్లవాడు పెద్ద దీపమొకటి పట్టుకొని కూర్చుండెను. ఆ కుటుంబము ముఖములమీద పడుచున్న ప్రొద్దుటి యెండ వాడు పట్టుకొనినదే. ఆ యెండలో వారు నిజముగా ఒక తల్లి బిడ్డలవలెనే కనబడిరి.

నేను క్రింద నిలుచుండి ఒక పాత సంగతి తలంచుకొంటిని. 1978లో "కరుణామయుడు" చిత్రము వచ్చెను. పిమ్మట దానిని మన గ్రామములలో తెల్లని తెర కట్టి ఎన్ని రాత్రులు చూపిరో మీకు తెలియును. సిలువ దృశ్యమువద్ద ఏడ్వని తల్లి లేదు. క్రైస్తవులు కానివారును వచ్చి నేలమీద కూర్చుండి చూచిరి. దాని తరువాత ప్రార్థన చేయుటకు నేను ఎన్నోమారులు లేచి నిలిచితిని. ప్రభువు ముఖముగా మనకు కనబడిన ఆ ముఖముమీద వెలుగు పడునట్లు ఎవడో ఒక కూలివాడు దీపము పట్టుకొనెనని, వానికిని ఒక తల్లి యుండునని, ఒక్కనాడైనను నాకు తోచలేదు.

ఇక ప్రశ్నకు వత్తును. మొదట ఒక సులభమైన జవాబున్నది. దినములో ఏమున్నది, ప్రేమ యుంటే చాలును, ఏ దినమైనను పండుగే యని కొందరందురు. చరిత్ర కొంతవరకు వారి పక్షముననే యున్నది. ప్రభువు పుట్టిన తేదీని సువార్తికులు వ్రాయలేదు. డిసెంబరు 25న ఆ పండుగ ఆచరించినట్లు మనకు దొరకిన తొలి సాక్ష్యము రోమా సంఘములో 336వ సంవత్సరమునకు చెందినది. అర్మేనియా సంఘము జనవరి 6న ఆచరించును. ఇతియోపియా సంఘమునకు అది జనవరి 7న వచ్చును. వారందరును మనకంటె తక్కువ క్రైస్తవులు కారు. మరియు మొదటి క్రిస్మసు వర్తమానము సెలవు దినమున ఇంటిలో కూర్చున్నవారికి రాలేదు. రాత్రివేళ పొలములో వంతులవారీగా కావలికాయు కూలివారికి వచ్చెను. వారు వెళ్లి శిశువును చూచి, మరల మందయొద్దకే తిరిగిపోయిరి. లూకా సువార్త రెండవ అధ్యాయము చదువుడి. వారు పని మానివేసిరని అందులో లేదు.

అయినను ఈ జవాబుతో నాకు తృప్తి లేదు. ఏ దినమైనను పండుగే యనువాని యింట ఏ దినమును పండుగ కాకపోవుట నేను చూచితిని. పండుగ బలము ఇందులోనే యున్నది: ఆ దినమును మనము ఏర్పరచుకొనలేదు. మనకు పనియున్నను, మనస్సు బాగుగా లేకున్నను, పొరుగువానితో మాటలు లేకున్నను అది వచ్చి తలుపు తట్టును. అందరును ఒకేసారి పని నిలిపినప్పుడు కలుగు సంతోషము, ఎవనికి వీలైనప్పుడు వాడు తినిన భోజనమువలన కలుగదు. ఆ తల్లి కోడిని ఏల కోయలేదు? కోడి దొరకక కాదు, డబ్బు లేక కాదు. ఊరంతయు తినుచున్నప్పుడు తన యింటిలో మాత్రము ఒక్కతియే తినవలసివచ్చెను గనుక.

ఇట్లు రెండు పక్కలను లాగబడుచుండగా మార్చి నెల వచ్చెను. భస్మ బుధవారము గడచి వారమైనను కాలేదు. ఆమె మా యింటికి వచ్చి, కుమారుడు మంగళవారము రెండు దినములకు వచ్చుచున్నాడనియు, ఆ రోజు నేను వచ్చి క్రిస్మసు ప్రార్థన చేయవలెననియు అడిగెను. నక్షత్రమును అటకమీదనుండి దించి తుడిచినదట.

వేదాంత కళాశాలలో చదివినవాడను. సంఘ పంచాంగము నాకు తెలియును. శ్రమల దినములలో క్రిస్మసు ప్రార్థన యేమిటి? ఊరు నవ్వదా? ఈ దినము ఈమెకు ఒప్పుకొంటే రేపు ప్రతివాడును తన యిష్టము వచ్చిన నెలలో పండుగ అడుగడా? "ఆలోచించి చెప్పుదును తల్లీ" అని పంపివేసితిని.

ఆ రాత్రి సంఖ్యాకాండము తొమ్మిదవ అధ్యాయము తీసితిని. అరణ్యములో ఇశ్రాయేలీయులు పస్కా ఆచరించు దినమున కొందరు శవమును ముట్టినందున అపవిత్రులై, ఆచరింపలేక పోయిరి. బహుశా తమవారిని పాతిపెట్టినవారే యగుదురు. ఆ పని ఎవరో ఒకరు చేయవలసినదే. వారు మోషేయొద్దకు వచ్చి, మేమెందుకు తప్పిపోవలెనని అడిగిరి. అప్పుడు మోషే చేసిన దానిని చూడుడి. ఆయన ధర్మశాస్త్రము నెరిగినవాడు. వెంటనే తీర్పు చెప్పగలవాడు. చెప్పలేదు. వారిని నిలువుమని, దేవుని నడుగబోయెను. అక్కడ నా చేతివ్రేలు నిలిచిపోయెను. నేను ఎవరిని నిలువుమంటిని? ఎవరిని అడిగితిని? ప్రసంగపీఠముమీదనుండి నేరుగా తీర్పు చెప్పితిని గదా.

దేవుని ఉత్తరువు మరింత వింతగా నున్నది. శవమువలన అపవిత్రుడైనవాడును దూరప్రయాణములో నున్నవాడును రెండవ నెల పదునాలుగవ దినమున పస్కా ఆచరింపవచ్చును. మీకు తోచిన దినమున అని లేదు. దినము నిర్ణయింపబడినది. ఆ భోజనమే, ఆ పొంగని రొట్టెయే, ఆ చేదుకూరలే, ఎముక విరువకూడదను ఆ నియమమే. రెండవ నెలవారిది తక్కువ పండుగ కాదు, మిగిలిన కూడు కాదు. పండుగలో వారికి పూర్తి పాలు. వెంటనే మరియొక వచనమున్నది: పవిత్రుడైయుండి, ప్రయాణములో లేకయుండి, ఊరకనే మానినవాడు జనములోనుండి కొట్టివేయబడవలెను. కాబట్టి రాలేనివాడు వేరు, రానివాడు వేరు. నేను ఆ యిద్దరిని ఒకే ప్రసంగములో కట్టివేసితిని. పట్టణములో ఊరక తిరుగుచు తల్లిని మరచినవారు మా ఊరివారిలో లేకపోలేదు. వారినిగూర్చి నేననినది ఇప్పటికిని అందును. ఆ మాట తగిలినది మాత్రము గోడప్రక్కన కూర్చున్న ఆమెకు.

హిజ్కియా రాజు దినములలోను ఇట్లే జరిగెను. యాజకులు సిద్ధముగా లేనందునను, జనులు కూడి రానందునను, జాతి యంతటికిని పస్కాను రెండవ నెలలో జరిపిరి. దినవృత్తాంతముల రెండవ గ్రంథము ముప్పదియవ అధ్యాయములో చూడవచ్చును. కొందరు ఎగతాళి చేసిరనియు అందులో వ్రాయబడియున్నది. ఊరు నవ్వదా యను నా ప్రశ్నకు అది చాలినది.

ఇక్కడ మరియొక వైపు చూడవలెను. రాలేనివానిని క్షమించుట కొంత సులభము. వాడు రాలేకపోవుటలో మన పాలెంత? ద్వితీయోపదేశకాండము పదునారవ అధ్యాయములో పండుగ సంతోషములో పాలుగలవారి పట్టిక యున్నది. కుమారుడు, కుమార్తె అని మొదలుపెట్టి, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు అని సాగును. మన బంధువులు, స్నేహితులు అని అది ఆగదు. పనివాడు సంతోషింపని పండుగ అక్కడ పండుగ కాదు. మనమో, పండుగనాడు బస్సు నడువవలెనందుము, ఆసుపత్రిలో నర్సు ఉండవలెనందుము, కరెంటు పోతే లైన్‌మానును తిట్టుదుము, సాయంకాలము పిల్లలతో సినిమాకు పోవుదుము. కొన్ని పనులు ఆగవు, అది నిజమే. చిత్రమొకటి ఒక వారము ఆలస్యమైనంత మాత్రమున ఎవరును చావరు. అయినను పండుగకు క్రొత్త చిత్రము కావలెనని కోరువారము మనమే.

2025 ఆగష్టులో ఆ చిత్ర కార్మికులు సమ్మె చేసిరి. కూలి 30 శాతము పెంచవలెనని అడిగిరి. 4వ తేదీన మొదలై రెండు వారములకు పైగా పనులు నిలిచిపోయినవి. చివరకు ప్రభుత్వము కలుగజేసికొనగా, తక్కువ కూలివారికి మూడేండ్లలో మొత్తము 22.5 శాతము పెంచుటకు ఒప్పందము కుదిరెను. పత్రికలలో ఇదంతయు చదువుచుండగా నన్ను పట్టుకొనిన అంశము వేరొకటి. ఆదివారపు పనికి రెట్టింపు కూలి ఏ ఆదివారములకు ఇయ్యవలెను, ఏ ఆదివారములకు అక్కరలేదు అనునదియు ఆ వాదములో నుండెను. మనము విశ్రాంతి దినమనుచున్న దానికి అక్కడ వెల కట్టబడుచున్నది. కార్మికులను తప్పు పట్టుట లేదు. దినము పోయినప్పుడు దాని వెలయైనను దక్కవలెను గదా. గాని ఆ రెట్టింపు కూలియే గంపక్రింద కోడియై ఆ యింటికి వచ్చెను. ఆమె దానిని కోయలేదు.

పట్టణమును దూషించి ఊరుకొనుటయు న్యాయము కాదు. మన గుడులలోనే చూడుడి. క్రిస్మసునాడు ఆశీర్వాదము పలుకకమునుపే కొంగు సర్దుకొని వెలుపలికి పోవు స్త్రీలు ఎందరు? పొయ్యిమీద అన్నమున్నది. మా యింటి ఆమె ఇన్ని సంవత్సరములలో నా క్రిస్మసు ప్రసంగమును చివరివరకు వినిన దినము లేదు. ఆమెకు పోయినదేమియు లేదని మీరనవచ్చును; ఆమెయు అట్లే అనెను. అయినను అతిథులందరు తినిన పిమ్మట, మూడు గంటలకు, చల్లారిన అన్నము ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆమెకు ఆ దినము ఏమిటి? మెదకు దేవాలయము 1914లో మొదలైనప్పుడు, కరవు దినములలో ఆకలిగొన్నవారికి పనియు అన్నమును దొరకునట్లు పాస్నెట్ దొరగారు ఆ కట్టడమును నడిపించిరని మన పెద్దలు చెప్పుదురు. రాళ్లు మోసినవారే లోపల కూర్చుండి ఆరాధించిరి. ఆ దేవాలయమందు నాకు అన్నిటికంటె ఇష్టమైన సంగతి అదే. గోపురపు ఎత్తు కాదు.

పట్టణపు సంఘములలో డిసెంబరు మొదటినుండియే "సెమీ క్రిస్మసు" అని జరుపుదురు. ఆ మాటను నేను చాలమారులు ఎగతాళి చేసితిని. సగము పండుగ యేమిటి, సగము పుట్టుట యున్నదా యంటిని. ఇప్పుడు అంత ధైర్యము లేదు. మేజువాణీలు, పూలదండలు, పెద్దల ఫోటోలు చూచినప్పుడు ఇప్పటికిని నాకు విసుగే. గాని 25న రాలేని నర్సుకు, డ్రైవరుకు, దీపములు మోయువానికి ఒక దినము నిర్ణయించి, సంఘమంతయు అదే భక్తితో కూడుకొనునట్లయితే, దానికి పేరేదైనను నాకు అభ్యంతరము లేదు.

ఆమెకు సరే యని కబురు పంపితిని. ఒక్కడనే వెళ్లిన అది ఆ యింటి ప్రార్థన యగును గాని పండుగ కాదు. కాబట్టి పెద్దలను పిలిచి సంఖ్యాకాండము చదివి వినిపించితిని. నా ప్రసంగమును మెచ్చుకొనిన పెద్ద చాలసేపు మౌనముగా నుండి, గంట కొట్టవలెనా వద్దా యని మాత్రము అడిగెను. కొట్టవలెనంటిని. అయిదు ఇండ్లవారు వచ్చిరి. తక్కినవారు వాకిళ్లలో నిలిచి చూచిరి. మార్చి నెల యెండలో, పట్టపగలు, ఆ పూరివసారాకు కాగితపు నక్షత్రము వ్రేలాడుచుండెను. లోపల వెలిగించిన బల్బు కనబడనే లేదు. క్రిస్మసు పాటలు పాడితిమి. లూకా రెండవ అధ్యాయము చదివితిని. పిమ్మట నేను ఆమెయొద్దను ఆ పిల్లవానియొద్దను, అందరి యెదుట, ఆ ప్రసంగమునకై క్షమాపణ అడిగితిని. ఆమె ఏమియు అనక విస్తళ్లు తేవడానికి లోపలికి పోయెను. ఆమెను కూర్చుండబెట్టి వడ్డించుటకు మా యింటి ఆమె పట్టుపట్టవలసివచ్చెను.

పిల్లవాడు తినుచునే నిద్రపోయెను. రెండు రాత్రులు పనిచేసి నేరుగా బస్సెక్కినాడట. చేతిలో ముద్ద అట్లే యున్నది. ఎవరును లేపలేదు. తల్లి వాని ప్రక్కన కూర్చుండి, వాని గదిలో నుండు ముగ్గురికొరకు అన్నమును కూరను డబ్బాలలో సర్దుచుండెను. వారిలో ఇద్దరు మనవారు కూడ కారట. మరునాటి తెల్లవారుజామున నాలుగు గంటల బస్సుకు వాడు ఆ డబ్బాలతో వెళ్లెను.